గట్టు నిలిచిననే ఊరు నిలుచును
(ఒట్టపిడారంలో జరిగిన ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పచ్చడి తిన్నాము, పంచాంగము విన్నాము. ఈ సంవత్సరము వాన ఎంత, గాలి ఎంత అని అయ్యవారు చదువుచుండగా అందరము చెవులు రిక్కించి ఆలకించితిమి. ఆ వాన పడినప్పుడు గట్టు ఏమగును అను సంగతి మాత్రము ఏ పంచాంగమునందును ఉండదు. కార్యదర్శిగారు మమ్ము పిలిచి, "మీకు తెలిసినదేదైనా నలుగురికి పనికివచ్చు విషయము చెప్పండి" అనినప్పుడు, ఆ మిగిలిన సంగతియే చెప్పుదమని తలచితిమి.

మేము ఇంజనీర్లము కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి రైల్వేలో గుమాస్తా పనికి చేరినవారము. అయితే ఏటేట ఈశాన్య ఋతుపవనము రాకముందే మా బల్లమీదికి కొన్ని కాగితములు వచ్చును. ఏ మైలురాయి వద్ద కట్ట బలహీనముగా ఉన్నది, ఏ కటింగులో మట్టి జారును, ఎక్కడ రాత్రి గస్తీ మనుషులను పెట్టవలెను, ఇసుక బస్తాలు, బండరాళ్లు ఎక్కడ నిలువ చేయవలెను అని వానిలో ఉండును. కాగితము వ్రాయువానికి ఆ కాగితములోని మాటకు అర్థము తెలిసికొనవలెనను కోరిక కలుగుట సహజము. పట్టాలవెంట నడుచు మనుషులను అడిగి, ఇంజనీర్లను అడిగి, దొరికిన పుస్తకములు చదివి తెలిసికొన్నదే మీ ముందు పెట్టుచున్నాము.

"ఒట్టపిడారములో కొండ ఏది? వాలు ఏది? ఇది ఊటీవారికి చెప్పవలసిన మాట గదా" అని మీలో కొందరు అనుకొనవచ్చును. నిజమే, మనది కరిసల్ నేల, నల్లరేగడి. కోవిల్పట్టి నుండి తూత్తుకుడి వరకు చూచినను పెద్ద కొండ కంటబడదు. కాని వాలు అనగా కొండయే కానక్కరలేదు. మన కణ్మాయి కట్ట వాలే. రైలు పోవు మట్టికట్ట వాలే. మన తాతలు పలుగు పారలతో త్రవ్విన దిగుడు బావి అంచు వాలే. వాగు కోసుకొనిపోయిన ఒడ్డు, కంకర త్రవ్వి వదలిన గుంట, ఇవన్నియు వాలులే. ఈ ఊళ్లలో మనము త్రాగునీరు, పంట, రాకపోక అన్నియు ఏదో ఒక మట్టిగట్టును నమ్ముకొనియే ఉన్నవి.

మట్టిని నిలబెట్టు విద్య మనకు క్రొత్తది కాదు. ఇక్కడికి దగ్గరనే ఉన్న పాంచాలంకురిచ్చి కోట సంగతి పిల్లలకు సయితము తెలియును. వీరపాండ్య కట్టబొమ్మన తెలుగు మాటలాడు రాజకంబళత్తార్ వంశమువాడు. ఆయన కోట గోడలు రాతివి కావు, మట్టివి. 1799లో కంపెనీ సైన్యము దానిని పట్టుకొన్న తరువాత, 1801 ఫిబ్రవరిలో ఊమైదురై చెరనుండి తప్పించుకొని వచ్చి, పడగొట్టిన కోటను కొద్ది దినములలోనే తిరిగి లేవదీసినాడు. అట్లు తొందరగా లేచిన మట్టికోట ఆ మార్చి నెలాఖరున జరిగిన ముట్టడిని త్రిప్పికొట్టినది. మే 24వ తేదీ వరకు లొంగలేదు. పిమ్మట దానిని నేలమట్టము చేసినారు. ఇప్పుడు మనము చూచు స్మారక కోట 1974లో ప్రభుత్వము కట్టించినది. మట్టి దానంతట అది బలహీనము కాదని, చేయు పద్ధతిలోనే బలము ఉన్నదని చెప్పుటకు ఇంతకన్న దగ్గరి ఉదాహరణ మాకు దొరకలేదు.

మట్టి ఎంత త్వరగా పోగలదో కూడ మన జిల్లాయే చూచినది. 2023 డిసెంబరు 17, 18 తేదీలలో కాయల్పట్టణములో ఇరువది నాలుగు గంటలలో సుమారు 95 సెంటీమీటర్ల వాన పడినది. ఒక సంవత్సరములో పడవలసినదానికి మించిన వాన ఒక్క పగలు రాత్రిలో దిగినది. తిరుచెందూరు నుండి చెన్నై పోవు రైలు శ్రీవైకుంఠము స్టేషనులో ఆగిపోయినది. ముందున్న దారిలో పట్టాల క్రింది కంకర, మట్టి కొట్టుకొనిపోయి, పట్టాలు ఊయెల తాళ్లవలె గాలిలో వ్రేలాడినవి. సుమారు 800 మంది ప్రయాణికులు అక్కడ చిక్కుకొన్నారు. చుట్టుపట్ల ఊరివారు తమ ఇండ్లలో నీరు నిలిచియున్నను వారికి అన్నము వండి పెట్టినారు. రైలును స్టేషనులోనే ఆపినందున అందరి ప్రాణములు దక్కినవి. అదే రైలు ఆ చీకటిలో ముందుకు సాగియుండిన ఏమగునో ఊహించుటకే భయము. కనుక గట్టు నిలుచుట అనునది ఇంజనీరు గొడవ మాత్రమే కాదు, మన ఇంటి గొడవ.

ఇంతకును మట్టి ఎందుకు జారును? కళ్లములో జొన్నలు కుప్ప పోయునప్పుడు చూడండి. బస్తా మీద బస్తా కుమ్మరించుచున్నకొలది కుప్ప వెడల్పగును, ఎత్తగును, కాని ఒక వాలును మించి నిటారుగా నిలువదు. గింజకు గింజకు మధ్యనున్న ఒరిపిడి ఎంత పట్టగలదో అంతవరకే నిలుచును. పొడి ఇసుకకు కూడ అంతే. అది సుమారు 30 మొదలు 35 డిగ్రీల వాలున నిలుచును, అంతకు మించిన జారును. బంకమట్టికి ఒరిపిడితోపాటు జిగురు కూడ ఉన్నది. కనుక ఎండినప్పుడు గోడవలె నిటారుగా నిలిచి మనలను మోసగించును.

మోసగించుట అని ఎందుకంటిమనగా, మూడవది నీరు. పిల్లలు సముద్రపు ఒడ్డున ఇసుకతో గుడి కట్టుదురు. ఇసుక కొంచెము తడిగా ఉన్నంతవరకు గోపురము నిలుచును, ఎందుకనగా రేణువుల నడుమనున్న కొద్ది నీరు వానిని ఒకదానికొకటి లాగి పట్టుకొనును. ఒక చెంబెడు నీరు పోసిన వెంటనే కూలును. రేణువుల మధ్య నిండిన నీరు వానిని విడదీసి తేల్చివేయును, పైగా మట్టికి బరువు పెంచును. ఎండలో పది సంవత్సరములు నిలిచిన గట్టు ఒక్క రాత్రి వానలో పోవుటకు కారణము ఇదే. పోవునప్పుడు పైపొర మాత్రమే కాక, లోపల విల్లువలె వంగిన ఒక జారుడు పొర ఏర్పడి, దాని మీదనున్నదంతయు ఒక ముద్దగా క్రిందికి దిగును.

మన బంధువులు, మనము పోవుచుండు చోట్లను తలచుకొనండి. నీలగిరులలో 2009 నవంబరులో కురిసిన వానకు కొండచరియలు విరిగిపడి నలుబది మందికి పైగా చనిపోయినారు. తిరుమలకు 1944లో మొదటి ఘాటు రోడ్డు వచ్చినది, తరువాత రెండవది వచ్చినది. ఆ రెండవ రోడ్డు మీద 2021 డిసెంబరు 1వ తేదీ తెల్లవారుజామున పెద్ద బండలు దొర్లిపడి రోడ్డును దెబ్బతీసినవి. బెజవాడలో 2020 అక్టోబరులో దసరా దినములలో ఇంద్రకీలాద్రి చరియ విరిగినది. అదే నగరములో మొగల్రాజపురమున 2024 ఆగస్టు 31న కొండక్రింది ఇండ్ల మీద రాళ్లు పడి ప్రాణనష్టము జరిగినది. మా రైల్వేలో కొంకణ మార్గమున 2003 జూన్ 22న వైభవవాడి వద్ద కటింగులో జారిపడిన రాళ్లమట్టికి రైలు తగిలి ఏబది మందికి పైగా మరణించినారు. ఆ దుర్ఘటనల తరువాత ఆ మార్గమున వాలు తగ్గించుట, రాళ్లకు ఉక్కువలలు వేయుట, గడ్డి నాటుట, వానకాలములో రైళ్ల వేగము తగ్గించుట మొదలైన పనులు చేసినారు.

వాలు నిలబెట్టుటకు పాత ఉపాయములు మూడు. ఒకటి, వాలును పడుకోబెట్టుట. అనగా ఎక్కువ మట్టి తీసివేసి చదునుగా చేయుట. దానికి చోటు కావలెను. రెండవది, క్రింద బలమైన అడ్డుగోడ కట్టుట. దానికి పునాది త్రవ్వవలెను, త్రవ్వునప్పుడే గట్టు మీదపడు ప్రమాదమున్నది. మూడవది, చెట్టు చేమ పెంచుట. అది మంచిదే గాని నిటారు వాలును వేళ్లు ఒక్కటే ఆపలేవు. ఈ మూటికి తోడుగా వచ్చిన నాలుగవ ఉపాయమే మట్టికి మేకులు కొట్టుట. ఇంజనీర్లు దీనిని సాయిల్ నెయిలింగ్ అందురు.

ఈ పద్ధతి మొదట వాడబడినది ఒక రైలుమార్గము కొరకే అని తెలిసినప్పుడు మాకు కొంత గర్వము కలిగినది. 1972లో ఫ్రాన్సు దేశమున వెర్సాయ్ దగ్గర రైలుదారి వెడల్పు చేయవలసివచ్చి, ఇసుకనేలలో 18 మీటర్ల ఎత్తున, సుమారు 70 డిగ్రీల నిటారున కోత కోసినారు. గోడకు ఆనించిన నిచ్చెన ఎంత నిటారుగా ఉండునో అంత నిటారన్నమాట. అక్కడ పెద్ద గోడ కట్టుటకు బదులుగా గట్టులోనికే ఉక్కు కడ్డీలు దించి మట్టినే గోడగా మార్చినారు. తరువాత జర్మనీ, అమెరికా, హాంగ్‌కాంగ్ మొదలైన చోట్ల ఇది వ్యాపించినది.

దీని సూత్రము మన తల్లులకు చెప్పనక్కరలేదు. పాతచీరలు పొరలు పొరలుగా పరచి బొంత కుట్టుదురు గదా. ఒక్కొక్క కుట్టు బలము కొద్దియే. కాని జానెడు జానెడు దూరమున వరుసగా పడిన కుట్లన్నియు కలిసి పొరలను జారనీయక ఒకే దుప్పటిగా చేయును. మేకు కూడ అట్లే. అది జారుడు పొరను దాటి, వెనుకనున్న కదలని మట్టిలోనికి పోయి, ముందున్న మట్టిని వెనుకదానికి కుట్టివేయును.

పని జరుగు తీరు వినండి. ఇల్లు క్రిందినుండి పైకి కట్టుదుము. ఈ పని పైనుండి క్రిందికి జరుగును. మొదట పైన ఒక మనిషి ఎత్తున, అనగా ఒకటి రెండు మీటర్లు మాత్రమే మట్టి కోయుదురు. ఆ ముఖములో నాలుగు నుండి ఆరు అంగుళముల వెడల్పున్న రంధ్రములు డ్రిల్లింగు యంత్రముతో వేయుదురు. రంధ్రము లోపలికి పోవుచు కొంచెము క్రిందికి, సుమారు 15 డిగ్రీలు వాలియుండును. అట్లు వాలించుట వలన పోసిన సిమెంటు పాలు బయటికి కారిపోక అడుగునుండి నిండును. దానిలో బొటనవ్రేలి లావు ఉక్కు కడ్డీని నడిమధ్యకు ఉండునట్లు చిన్న ఆధారములతో దించి, గొట్టముతో సిమెంటు పాలు పోయుదురు. కడ్డీ పొడవు గట్టు ఎత్తులో పదింట ఆరు ఏడు వంతులు మొదలు గట్టు ఎత్తంత వరకు ఉండును. ఒక మేకుకు మరియొక మేకుకు దూరము ఒకటి నుండి రెండు మీటర్లు. బయటికి వచ్చిన కొనకు ఉక్కు బిళ్ల పెట్టి నట్టు బిగింతురు. ఆ వరుస గట్టిపడిన పిమ్మటనే క్రింది వరుస కోయుదురు.

కొన్ని మేకులను జాకీ పెట్టి లాగి పరీక్ష చేయుదురు. లెక్కలో వేసికొన్న బరువునకు ఒకటిన్నర రెట్లు, కొన్నిటిని రెండు రెట్లు లాగి చూచి, కదలని యెడలనే పని సరియని ఒప్పుకొందురు. కడ్డీకి తుప్పు పట్టకుండ జింకు పూత గాని మరియొక పూత గాని వేయుదురు. లోపల తుప్పు పట్టిన మేకు బయటికి కనబడదు, కనుక ఈ జాగ్రత్త ముఖ్యము. ఇంకొక విశేషము, ఈ మేకులను ముందుగా బిగించి లాగిపెట్టరు. మట్టి కొద్దిగా, కంటికి తెలియనంతగా కదలినప్పుడే మేకు పట్టు తీసికొనును. అదియు ఒక లక్షణమే: పిలువనంతవరకు మాటలాడని మంచి చుట్టమువంటిది.

ఇక్కడికి ఎముకలు కుదిరినవి. చర్మము సంగతి మిగిలినది. మేకుకు మేకుకు నడుమనున్న మట్టి వానచినుకుల దెబ్బకు రాలిపోయినయెడల, కొంతకాలమునకు మేకులు ముళ్లవలె బయటపడి పని చెడును. కనుక ముఖము కప్పవలెను. మొదట అందరును ఉక్కువల పరచి సిమెంటును గన్నుతో చిమ్మి కప్పినారు. అది బలమైనదే. కాని ఎండకు కాగును, చూచుటకు గోరీవలె ఉండును, లోపలి నీటికి దారి విడువకున్నయెడల వెనుక నీరు నిలిచి కప్పును తోసివేయును.

హాంగ్‌కాంగ్ వారి కథ ఇక్కడ చెప్పవలెను. 1972 జూన్ 18న ఒక్క దినమున అక్కడ రెండు చోట్ల గట్లు జారి 138 మంది మరణించినారు. 1977లో ప్రభుత్వము గట్లను చూచుకొనుటకే ఒక ప్రత్యేక కార్యాలయము పెట్టినది. వారు అదివరలో గట్లకు సున్నము, సిమెంటు, మట్టి కలిపిన పూత పూయుచుండిరి. దానికి వారు పెట్టిన పేరు చునాం! మన సున్నము మాటయే సముద్రము దాటి అక్కడికి చేరినది. తరువాత కాలమున వారు లోపల మేకులు వేసి, పైన వల పరచి, గడ్డి పొదలు పెంచి గట్లను పచ్చగా నిలుపుట నేర్చినారు.

పచ్చని చర్మము వేయు పద్ధతి ఇది. మేకుల బిళ్లల క్రింద గట్టి ఉక్కువల, దాని క్రింద కొబ్బరిపీచు చాప పరచుదురు. వాలు ఎక్కువైనచోట విత్తనము, ఎరువు, పీచు, జిగురు, నీరు కలిపి గొట్టముతో చిమ్ముదురు. గడ్డి మొలచి వేరు పట్టువరకు రెండు మూడు సంవత్సరములు పీచుచాప మట్టిని కాపాడి, తరువాత తానే మట్టిలో కలిసిపోవును. నీలగిరులలో రాష్ట్ర హైవేస్ శాఖవారు ఈ ఇటీవలి సంవత్సరములలో ఉదగమండలము, కోటగిరి, మేట్టుపాళయము రోడ్డులో ఇట్టి మేకులు, పచ్చికచిమ్ము పని చేయించినారు. ఊటీ పోవువారు దారిలో చూడవచ్చును.

గడ్డి ఏమి చేయునో, ఏమి చేయలేదో స్పష్టముగా తెలియవలెను. ఆకు చినుకు దెబ్బను ఆపును. పాదు నీటి పరుగును తగ్గించును. వేరు పైపొర మట్టిని వలవలె పట్టుకొనును, లోపలి తేమను పీల్చి గట్టును పొడిగా ఉంచును. కాని సామాన్యమైన గడ్డి వేరు మూరెడు, రెండు మూరలు మాత్రమే పోవును. జారుడు పొర పది పదునైదు అడుగుల లోతున ఉన్నయెడల ఆ వేరు దానిని అందుకొనలేదు, అక్కడ మేకు కావలెను. అట్లే మేకు ఎంత లోతుకు పోయినను పైమట్టి రాలుటను ఆపలేదు, అక్కడ గడ్డి కావలెను. ఒకదాని పని మరియొకటి చేయదు.

గడ్డి జాతిలో మన వట్టివేరు ప్రత్యేకము. ఎండకాలము చల్లదనమునకు తడికలు కట్టుకొను ఆ వట్టివేరే. అనుకూలమైన నేలలో దాని వేరు నిట్టనిలువుగా రెండు మూడు మీటర్లు దిగును. దాని సన్నని వేరును లాగి పరీక్షించినప్పుడు, మెత్తని ఉక్కు కడ్డీకి ఉన్న బలములో సుమారు ఆరవవంతు ఉన్నట్లు లెక్క తేలినది. కర్ణాటకలో గుండ్లుపేట ప్రాంతపు రైతులు తరతరములుగా దీనిని పొలము గట్లకు నాటుచుండిరి. 1980లలో ప్రపంచ బ్యాంకు ఉద్యోగులగు గ్రీన్‌ఫీల్డ్, గ్రిమ్‌షా అనువారు ఇట్టి అనుభవమును చూచి లోకమునకు చాటినారు. దక్షిణదేశపు ఈ మొక్క విత్తనము వేయక, పాదు నుండియే పెరుగును గనుక పొలములోనికి కలుపువలె ప్రాకదు. నేడు అనేక దేశములలో రోడ్ల గట్లను, కాలువ గట్లను కాపాడుచున్నది.

మూడవ సంగతి నీటి దారి. ఎముక ఉన్నను, చర్మము ఉన్నను, లోపల నీరు నిలిచిన శరీరము వాచును. గట్టు నెత్తిమీద వాననీటిని పట్టి ప్రక్కకు మళ్లించు కాలువ, ముఖములో నీరు కారుటకు రంధ్రములు, పాదములో మరియొక కాలువ, ఈ మూడును లేని మేకులపని డబ్బు మట్టిలో పోసినట్లే. పెద్ద ఖర్చు పెట్టి చేసిన పని కూడ, రూపాయి ఖర్చులేని పారపనితో కాలువ పూడిక తీయకపోవుటచేత పాడగును.

ఈ మేకు అన్ని రోగములకు మందు కాదు. బండరాళ్లు దొర్లు కొండకు రాతిబోల్టులు, ఉక్కువలలు వేరుగా ఉన్నవి. 2024 జూలై 30న వయనాడులో జరిగినట్లు కొండపైనుండి మట్టి, రాళ్లు, నీరు ఏరై దిగివచ్చినప్పుడు ఏ మేకును ఆపలేదు. అక్కడ ఇల్లు దారిలో కట్టకుండుటయే మందు. కొండను అవసరమునకు మించి నిటారుగా కోసి, తరువాత మేకులతో కుట్టుట కంటె, కోయకుండుట మేలు.

మన కణ్మాయి కట్టలకు, నల్లరేగడి గట్లకు ఈ మేకులు పనికిరావు. ఈ మాట గట్టిగా చెప్పుచున్నాము. ఎందుకనగా క్రొత్త పేరు విన్నప్పుడు మన ఊరికి కూడ అది కావలెనని అడుగువారు ఉందురు. మన కరిసల్ నేల వానకు ఉబ్బును, ఎండకు నెరియలిచ్చును, ఒక్కొక్క నెరియలో చేయి దూరును. ఉబ్బి కుంగు మట్టిలో మేకు పట్టు నిలువదు. ఉప్పు ఉన్నచోట ఉక్కు త్వరగా తుప్పుపట్టును. చెరువుకట్టకు రంధ్రము చేయుట నీటికి దారి చూపుటయే. కనుక ఫ్రాన్సు మేకు మనకు కాదు. దానినుండి నేర్చుకొనవలసిన సూత్రము మాత్రము మనదే: లోపలి బలము, పై చర్మము, నీటి దారి. ఈ మూడును మనము మన పద్ధతిలో సమకూర్చుకొనవచ్చును.

లోపలి బలమునకు మేకుకు బదులు చదునైన వాలు. రైల్వేలో మట్టికట్టకు సామాన్యముగా అడుగు ఎత్తుకు రెండడుగుల వాలు ఇచ్చెదరు. కణ్మాయి కట్టకు కూడ ఆ చదును చెడగొట్టరాదు. పొలమునకు వండ్రుమట్టి తీసికొనువారు చెరువు నడుమనుండి తీయవలెను, కట్ట పాదము దగ్గర ఒక తట్ట కూడ తీయరాదు. పాదము త్రవ్వుట అనగా కుప్ప అడుగునుండి జొన్నలు లాగుటయే. కట్ట తెగినచోట పూడ్చునప్పుడు పొడి బెడ్డలు కుమ్మరించి విడువక, పొర పొరగా తడిపి దిమ్మిస చేయవలెను.

చర్మమునకు గరిక, వట్టివేరు. కట్ట వాలు మీద అడ్డముగా వరుసలు గీచి, పిలకలను జానెడులోపు దూరమున, వానలు మొదలగు దినములలో నాటవలెను. మొదటి కొన్ని నెలలు నీరు చూడవలెను, మేకలను తోలరాదు. తరువాత అది తనను తానే చూచుకొనును. వేరుకు ధర పలుకునని త్రవ్వి అమ్ముకొన్నయెడల గట్టును అమ్ముకొన్నట్లే. మన పెద్దలు కట్టలమీద తాటిచెట్లు వరుసగా ఉంచినారు. తాటికి తల్లివేరు చీలి కట్టను పగులగొట్టదు, నారవేళ్లు గుత్తులుగా దిగి మట్టిని పట్టుకొనును. కట్టమీది తాటిని నరకనీయకండి. ఊడలు, లావువేళ్లు గల పెద్దచెట్టు మాత్రము కట్టకు మంచిది కాదు. అది చచ్చినప్పుడు కుళ్లిన వేరు నీటికి గొట్టమగును. సర్కారు తుమ్మ దట్టముగా పెరిగినచోట కట్ట మీద ఏమి జరుగుచున్నదో కంటికి కనబడదు, ఎలుకల బొరియలు, ఎండ్రకాయల బొరియలు దాని నీడలోనే పెరుగును.

నీటి దారికి, కలుంగు ఎప్పుడును తెరపిగా ఉండవలెను. చెరువు నిండినప్పుడు మిగులునీరు పోవలసినది కలుంగు మీదుగానే గాని కట్ట మీదుగా కాదు. కలుంగు దారిలో ఇల్లు గాని కొట్టము గాని ఎవరు వేసినను, బంధువైనను, కాదనవలెను. ఇది చెప్పుట కష్టము. చెప్పకున్న కష్టము అంతకంటె పెద్దది.

చివరకు ప్రమాదమును ముందుగా తెలుపు గురుతులు చెప్పి ముగింతుము. పిల్లలు కూడ జ్ఞాపకముంచుకొనవలెను. గట్టు నెత్తిమీద అంచుకు సమముగా పొడుగాటి చీలిక కనబడుట. నిలువుగానున్న స్తంభము గాని చెట్టు గాని క్రొత్తగా ఒరుగుట. గట్టు పాదము పొట్టవలె ఉబ్బుట. పాదములో నీరు ఊరుట, అది తేటగా ఉన్న కనిపెట్టియుండవలెను, బురదగా మారిన మట్టి లోపలినుండి కొట్టుకొని వచ్చుచున్నదని అర్థము, వెంటనే తప్పుకొనవలెను. కొండ ప్రాంతములలో ఉన్న మన బిడ్డలు ఇల్లు అద్దెకు తీసికొనునప్పుడు ఇంటి లోపలి గోడలకంటె ముందు ఇంటి వెనుక గట్టును చూడవలెను. వానలో అది పారు దారి ఏదని అడుగవలెను.

గురుతు కనబడినప్పుడు చూచి ఊరకుండరాదు. చెరువుకట్ట అయిన వి.ఏ.ఓ.కు, జిల్లా అత్యవసర నంబరు 1077కు తెలుపవలెను. రైలుకట్ట అయిన దగ్గరి గేటుమనిషికి గాని స్టేషనుకు గాని, లేదా 139 నంబరుకు తెలుపవలెను. "ఎవరో చెప్పియే ఉందురు" అని అనుకొనకండి. ఇద్దరు చెప్పిన తప్పులేదు. ఒక్కరును చెప్పనినాడే ప్రాణములు పోవును.

మా మనవి ఒకటి. ఈ సంఘమువారు ఏటేట పాటలపోటీ, ముగ్గులపోటీ జరుపుచున్నారు, చాల సంతోషము. దానితోపాటు ఐప్పసి వానలు రాకముందు రెండు ఆదివారములు మన యువకులు కణ్మాయి కట్ట మీద ఈ చివరనుండి ఆ చివరకు నడిచి, చీలికలు, బొరియలు, కలుంగు అడ్డములు చూచి, ఒక కాగితము మీద వ్రాసి, అధికారులకు ఇచ్చు ఏర్పాటు చేయవలెను. ఆ కాగితము చక్కగా వ్రాసి ఇచ్చు పని మాకు వదలండి, అది మాకు అలవాటైనదే. నాటుటకు వట్టివేరు పిలకలు కూడ చందాలతో తెప్పించుకొనవచ్చును. మన పెద్దలు కొన్ని వందల సంవత్సరముల క్రిందట ఈ కరిసల్ నేలకు వచ్చినారు, మావంటివారు ఉద్యోగముల కొరకు నిన్న మొన్న వచ్చినాము. ఎప్పుడు వచ్చినవారమైనను ఈ చెరువు నీరే త్రాగుచున్నాము గనుక ఈ గట్టు బాధ్యత అందరిది.

 ఈ సంవత్సరము వానలు సకాలములో కురియవలెనని, కురిసిన ప్రతి బొట్టు చెరువులో నిలువవలెనని, చెరువు కట్ట చెక్కుచెదరక నిలువవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.